జీడితోటలో తెగిన నెట్టు

ఒక రోజు మా హెడ్డు గారి ఫోన్‌లో టార్చిలైటు వెలిగి ఇక ఆరలేదు. ఆయన ఆ ఫోన్‌ని చొక్కా జేబులో పెట్టుకుని వరండాలో నడుస్తుంటే, గుండెకాయలో బల్బు వేసినట్టు కనిపించింది. స్టాఫ్ రూములో అందరూ చూశారు, ఎవరూ ఏమీ అనలేదు. నాకు మాత్రం నోరూ చెయ్యీ ఊరుకోవు. ఫోన్ అడిగి తీసుకుని, తెర మీద ఒక చోట నొక్కి ఆర్పేశాను.

"అబ్బో! మీకు ఇవన్నీ తెలుసన్నమాట," అన్నారాయన.

నేను చెప్పేది ఎకనామిక్స్. ఇవన్నీ నాకేమీ తెలియవు. కానీ మా సెంటర్‌లో జరగబోయే జాతీయ సదస్సుకి ఆ వారమే కమిటీలు వేశారు. భోజనాల కమిటీకి జనం ఎగబడ్డారు. వేదిక కమిటీలో ఇద్దరు పోట్లాడుకున్నారు. శాలువాల కమిటీకి పలాస వెళ్ళి షాపింగ్ చేసే వీలుంది కాబట్టి దానికీ పోటీ వచ్చింది. చివర్లో హెడ్డు గారు కళ్ళజోడు సవరించుకుని, "ఇంటర్నెట్ కమిటీ, మన ఎకనామిక్స్ మేడమ్," అన్నారు. ఆ కమిటీలో ఇంకెవరున్నారని అడిగాను. "మీరే," అన్నారు.

మాది యూనివర్సిటీ వాళ్ళ పీజీ సెంటర్. పలాస నుంచి సముద్రం వైపు వెళ్ళే రోడ్డులో, అటు జీడితోటలు, ఇటు కొబ్బరితోటలు, మధ్యలో మేము. సదస్సు విషయం తీరప్రాంత వ్యవసాయం. హైదరాబాదు నుంచి, చెన్నై నుంచి, భువనేశ్వర్ నుంచి అతిథులు వస్తారు. ఢిల్లీ నుంచి ఒక పెద్ద పరిశోధకురాలు ఆన్‌లైన్‌లో మాట్లాడతారు. కాబట్టి ఆడిటోరియంలో నెట్టు ఉండాలి. వచ్చిన వాళ్ళందరి ఫోన్లకీ అందాలి. ఆడిటోరియంలో అయితే అప్పటివరకు నెట్టన్న మాటే లేదు.

కంప్యూటర్ ల్యాబ్‌కి ఒక ఇన్‌చార్జి ఉన్నాడు. ఊరు గోదావరి వైపు. మర్యాదస్తుడే గానీ, నెట్టు విషయంలో చాలా పొదుపరి. ట్యాంకులో నీళ్ళలాగా అది కూడా వాడితే అయిపోతుందని ఆయన గట్టి నమ్మకం. మధ్యాహ్నం భోజనానికి వెళ్ళేటప్పుడు ల్యాబ్‌లో నెట్టు కట్టేసి, తాళం కూడా వేసుకుని వెళ్ళేవాడు.

"అతిథులందరికీ ఇవ్వాలండీ," అన్నాను.

"అందరికీనా?" ఆయన ముఖం వాడిపోయింది. "ఒకరి తరవాత ఒకరు వాడుకోవచ్చు కదా మేడమ్?"

ఆయన్ని ఒప్పించడం ఒక ఎత్తయితే, ఆడిటోరియంలోకి తీగ లాగించడం ఇంకో ఎత్తు. దానికి మందస వైపు నుంచి నెట్టు లైన్‌మన్ వచ్చాడు. ఆయన ఈ చుట్టుపక్కల సగం ఊళ్ళకి బావ, మిగతా సగానికి మావ. బండి మీద వచ్చాడంటే వెనకాల నిచ్చెన, మెడలో తీగల చుట్ట, నోట్లో ధీమా. ఇంతవరకు తనకి తెలియదన్న మాట అతను ఎప్పుడైనా అన్నాడో లేదో నాకు తెలియదు.

"ఏటి మేడమ్ అలగ సూత్తన్నారు? నానున్నాను కదా! మీ గోడలకీ, మీ కుర్చీలకీ, మీ మైకుకీ కూడా సిగ్నల్ పట్టించీగలను."

"మైకుకి అక్కర్లేదు. ఫోన్లకి వస్తే చాలు."

"అలగయితే మరీ తేలిక."

ముందు అసలు సిగ్నల్ ఎక్కడుందో చూడమన్నాను. ఇద్దరం ఫోన్లు పైకెత్తి, హారతి పడుతున్నట్టు సెంటరంతా తిరిగాం. ఆడిటోరియంలో సున్నా. హెడ్డు గారి గదిలో సున్నా. లైబ్రరీలో ఒక గీత వచ్చి, నన్ను చూసి పోయింది. చివరికి క్యాంటీన్ వెనకాల, గిన్నెలు తోమే చోట, అన్ని గీతలూ నిండుగా వచ్చాయి.

క్యాంటీన్‌లో వంట చేసే ఆవిడ అక్కడే పీట మీద కూర్చుని, ఒళ్ళో ఫోన్ పెట్టుకుని, ఉల్లిపాయలు తరుగుతోంది. వాళ్ళది సముద్రపు ఒడ్డున ఊరు. ఇంటాయన చేపల వేటకి వెళ్తాడు.

"ఈడ బాగా వత్తాది మేడమ్," అంది తల ఎత్తకుండానే. "మా ఆయన ఏటకెల్లినప్పుడు ఈడ నుండే మాటాడతాను. నడి సముద్రంలో ఉన్నోడికి ఇనపడతాది గానీ, మీ గదుల్లో ఉన్నోళ్ళకి ఇనపడదు."

"మరి సదస్సు ఇక్కడే పెట్టేద్దామా?" అన్నాను నవ్వుతూ.

"పెట్టండి. నాకు గిన్నెలు తోమే పని తప్పుద్ది."

లైన్‌మన్ నిచ్చెన వేసి, ఆడిటోరియం గోడలకి తెల్లటి పెట్టెలు బిగించాడు. పని అయ్యాక పరీక్ష చెయ్యాలి కదా! అతని పరీక్ష ఏమిటంటే, ఫోన్‌లో హాస్యం వీడియో ఒకటి పెద్ద సౌండుతో పెట్టడం. సరిగ్గా అప్పుడే హెడ్డు గారు వేదిక మీద స్వాగతోపన్యాసం రిహార్సల్ చేసుకుంటున్నారు. ఆయన "మాననీయులైన అతిథులారా" అనగానే ఫోన్‌లో వందమంది పగలబడి నవ్వారు. ఆయన ఆగి, పేపరు చూసుకుని, మళ్ళీ "మాననీయులైన అతిథులారా" అన్నారు. మళ్ళీ నవ్వులు. మూడోసారికి ఆ ముక్క కొట్టేసి "అందరికీ నమస్కారం" అని రాసుకున్నారు.

"ఫుల్లు స్పీడు మేడమ్," అన్నాడు లైన్‌మన్ కింద నుంచి బొటనవేలు ఎత్తి చూపిస్తూ.

ఇక పాస్‌వర్డ్ గొడవ. ల్యాబ్ ఇన్‌చార్జి ఒకటి తయారు చేశాడు. అందులో పెద్ద అక్షరాలు, చిన్న అక్షరాలు, ఒక చుక్క, ఒక నక్షత్రం, ఇంకా నేను స్కూల్లో లెక్కల క్లాసులో వదిలేసిన గుర్తులు కొన్ని ఉన్నాయి. దొంగలు పట్టుకోలేరట. దొంగల సంగతి సరే, అతిథులు కూడా పట్టుకోలేరని హెడ్డు గారు కొట్టిపారేశారు.

"మన ప్రాంతం గుర్తుండిపోయేలా ఉండాలి," అన్నారు. కిటికీలోంచి తోటల వైపు చూశారు. వాళ్ళది తాతల నాటి నుంచి ఈ ఉద్దానం ప్రాంతంలో జీడితోటల కుటుంబం. "జీడిపప్పు! అదే పెట్టండి."

అందరం చప్పట్లు కొట్టాం. జీడిపప్పుని ఇంగ్లీషు అక్షరాల్లో ఎలా రాస్తారన్నది ఆ క్షణంలో ఎవరికీ తట్టలేదు.

సదస్సు రోజు పొద్దున్నే నేను గుమ్మం దగ్గర బల్ల వేసుకుని నిలబడ్డాను. పక్కనే స్వాగత కమిటీ వాళ్ళు పెద్ద పళ్ళెంలో వేయించిన జీడిపప్పు పెట్టారు. అతిథులు రావడం, ఫోన్ తీయడం, "పాస్‌వర్డ్ ఏమిటి?" అనడం. నేను "జీడిపప్పు" అనడం. వాళ్ళు పళ్ళెంలోంచి రెండు తీసుకుని, "థాంక్సండీ, పాస్‌వర్డ్ ఏమిటి?" అని మళ్ళీ అడగడం.

కొందరు 'జి'తో మొదలుపెట్టారు, కొందరు 'జె'తో. 'జీ'కి రెండు 'ఇ'లా, ఒక 'ఐ'నా అని హైదరాబాదు వాళ్ళిద్దరు వాదించుకున్నారు. చెన్నై ఆయన నేను చెప్పిందంతా శ్రద్ధగా విని, చివరికి మధ్యలో ఖాళీ పెట్టాడు. భువనేశ్వర్ నుంచి వచ్చిన ఆయన "జీడి అంటే?" అని అడిగితే, ఒక పలుకు చేతిలో పెట్టి చూపించాను. "ఓ, కాజు!" అని సంతోషించి 'కాజు' అని కొట్టుకున్నాడు. ల్యాబ్ ఇన్‌చార్జి ఏ స్పెల్లింగ్‌తో పెట్టాడో కనుక్కుందామంటే ఆయన ఇంకా రాలేదు. వచ్చాక అడిగితే, "మామూలుగా రాసినట్టే రాశాను మేడమ్," అన్నాడు. మామూలుగా అంటే ఏమిటో తేలడానికి ఇంకాసేపు పట్టింది. చివరికి తేలింది: జె, ఇ, ఇ, డి, ఐ, పి, ఏ, డబుల్ పి, యు. ఆ వరసని ఆ పొద్దున నేను ఎన్నిసార్లు చెప్పానంటే, నాకు నా పేరు అడిగినా అదే చెప్పేలా ఉన్నాను.

తప్పు కొట్టిన ప్రతివాళ్ళూ మళ్ళీ బల్ల దగ్గరికి వచ్చేవారు. వచ్చినప్పుడల్లా పళ్ళెంలో చెయ్యి పెట్టేవారు. ఒకాయన ఫోన్ కనెక్ట్ అయిపోయాక కూడా, "ఇంకోసారి చెప్తారా?" అంటూ రావడం నేను గమనించాను.

ముఖ్య అతిథి హైదరాబాదు నుంచి వచ్చిన విశ్రాంత ప్రొఫెసర్. తెల్లటి పంచె, మెత్తటి మాట. ఆయన బల్ల మీదకి వంగి, ఓపిగ్గా ఒక్కో అక్షరం నొక్కి, "కుదరడం లేదమ్మా," అన్నారు. చూస్తే ఆయన తెలుగు లిపిలో 'జీడిపప్పు' అని రాశారు. గుడి దీర్ఘం, పకారానికి పవత్తు, అన్నీ సక్రమంగా ఉన్నాయి.

"ఇంగ్లీషులో కొట్టాలి సార్."

"నేను రాసిందాంట్లో తప్పేముంది?"

"తప్పేమీ లేదు సార్."

"మరి దానికి తెలుగు రాకపోతే నేనేం చేస్తాను?" అన్నారు. ఫోన్ తీసుకుని కొట్టి ఇచ్చాను. అప్పుడాయన అసలు సంగతి చెప్పారు. రేపటి ఉపన్యాసం తాలూకు బొమ్మలన్నీ, అంటే స్లైడ్లన్నీ, క్లౌడ్‌లో ఉన్నాయట. "నెట్టు లేకపోతే నేను లేనట్టేనమ్మా," అన్నారు నవ్వుతూ. నేనూ నవ్వాను. అప్పటికి నాకు భయం వెయ్యలేదు.

ప్రారంభం బాగానే జరిగింది. దీపం వెలిగించారు. హెడ్డు గారు "అందరికీ నమస్కారం" అన్నారు, ఎవరూ నవ్వలేదు. వేదిక మీద పెట్టిన నా ల్యాప్‌టాప్ నుంచి పెద్ద తెర మీద ఢిల్లీ ఆవిడ ప్రత్యక్షమయ్యారు. చక్కగా మాట్లాడుతున్నారు. నేను వెనక వరసలో కుర్చీలో కూలబడి, కాళ్ళు చాపాను. మధ్యమధ్యలో బొమ్మ కాస్త తడబడుతుంటే బయటికి వెళ్ళి లైన్‌మన్‌కి ఫోన్ చేశాను. "లైను సూసుకుంటూ ఎల్తాను మేడమ్, జాయింటు ఎక్కడో లూజు అయ్యుంటాది," అన్నాడు. సరే అనుకున్నాను.

కాసేపటికి తెర మీద ఆవిడ ఒక వాక్యం మధ్యలో ఆగారు. నోరు కొద్దిగా తెరుచుకుని ఉంది. కళ్ళు సగం మూసుకుని ఉన్నాయి. ఒక చెయ్యి గాలిలో లేచి ఉంది. ఇంత పెద్ద విద్వాంసురాలు ఇంత సేపు ఆగారంటే ఏదో గొప్ప మాట రాబోతోందని అందరూ ముందుకి వంగారు. ముందు వరసలో ఒకాయన రాసుకోవడానికి పెన్ను కూడా తీశాడు.

హెడ్డు గారు మైకులో మెల్లగా, "మేడమ్ గారు లోతుగా ఆలోచిస్తున్నారు," అన్నారు.

మరీ అంత లోతుగా ఎవరూ ఆలోచించరని నాకు అనుమానం వచ్చింది. ఫోన్ చూసుకున్నాను. నెట్టు లేదు. ల్యాబ్ ఇన్‌చార్జి వైపు చూశాను. ఆయన చేతులు కట్టుకుని, నెమ్మదిగా తల ఊపాడు. "నేను చెప్పాను కదా మేడమ్. అందరూ ఒకేసారి వాడారు. అయిపోయింది."

బయటికి పరుగెత్తి లైన్‌మన్‌కి ఫోన్ చేశాను. ఎత్తాడు గానీ గొంతు వినపడటం లేదు.

"ఏమైందండీ? నెట్టు పోయింది!"

"మెల్లగా మాటాడండి మేడమ్," గుసగుసలాడాడు.

"ఏమిటి?"

"ఎలుగు."

"ఏమిటీ?"

"ఎలుగు మేడమ్, ఎలుగు. కింద కూకున్నాది."

"మీరెక్కడున్నారు?"

"మీ గోడెనకాల తోటలోన, జీడిసెట్టు మీద."

ఉద్దానంలో ఎలుగుబంటి అంటే నవ్వులాట కాదు. జీడిపళ్ళ కాలంలో తోటకి వెళ్ళేవాళ్ళు గుంపుగా, గట్టిగా మాట్లాడుకుంటూ వెళ్తారు. అయినా ఆ క్షణంలో నా నోట్లోంచి వచ్చింది మాత్రం ఇది: "ఎలుగుబంటికి చెట్టెక్కడం వచ్చు కదండీ?"

ఫోన్‌లో కొమ్మలు కదిలిన చప్పుడు వినిపించింది.

"దానికి గురుతు సెయ్యకండి మేడమ్," అన్నాడు ఏడుపు గొంతుతో. "ఇప్పుడు కింద రాలిన పళ్ళు తింటన్నాది. కడుపు నిండితే ఎల్లిపోద్ది. బేగి ఎవులినైనా పంపండి. మీ నెట్టు కూడా అదే తెంపీసింది."

నేను హాల్లోకి పరుగెత్తి, వేదిక ఎక్కి, హెడ్డు గారి చెవిలో సంగతి చెప్పాను. ఆయన ముందున్న మైకు ఆన్‌లో ఉందని ఇద్దరం చూసుకోలేదు.

"ఎలుగా?" అన్నది హాలంతా మోగింది. "ఏ తోటలోన?"

"మన గోడ వెనకాల తోటలో సార్."

"అది మా తోట!" అంటూ ఆయన లేచి నిలబడ్డారు. అప్పటిదాకా మాట్లాడిన పుస్తకాల తెలుగు ఎటు పోయిందో పోయింది. "ఓలమ్మో! మా తమ్ముడు పొద్దున్నే పళ్ళు ఏరించమంటే ఏరించినాడు కాదు. నానప్పుడే సెప్పినాను!"

అంతే, హాలు హాలంతా లేచింది. తీరప్రాంత వ్యవసాయం మీద అంతవరకు ఆవులిస్తున్న వాళ్ళ కళ్ళు ఒక్కసారి వెలిగాయి. "ఎక్కడ? ఎంత పెద్దది? ఫోటో తీయొచ్చా?" చెన్నై ఆయన అప్పుడే కెమెరా మెడలో వేసుకుని గుమ్మం వైపు నడుస్తున్నాడు. హెడ్డు గారు పంచె ఎగ్గట్టి అడ్డంగా నిలబడ్డారు.

"ఎవులూ బైటికి ఎల్లొద్దు! అది మన సదస్సుకి రాలేదు. దాని మానాన దాన్ని తిననీయండి. తలుపులు మూసీయండి!"

తలుపులు మూశారు. అతిథులు లోపల మిగిలారు, తెర మీద ఢిల్లీ ఆవిడ నోరు తెరుచుకునే ఉన్నారు. ఈ ఖాళీని ఎవరో ఒకరు నింపాలి. హెడ్డు గారు చెమట తుడుచుకుని, రేపు మాట్లాడాల్సిన విశ్రాంత ప్రొఫెసర్ గారిని ఇప్పుడే మాట్లాడమన్నారు.

"నా స్లైడ్లు..." అన్నారాయన.

"అవి లేకుండానే సార్. మీకు తెలియనిదేముంది?"

ఆ మాట అనకుండా ఉండాల్సింది. స్లైడ్లు ఉంటే ఉపన్యాసానికి ఒక చివర ఉంటుంది. ఆఖరి స్లైడ్ రాగానే ఎవరైనా చప్పట్లు కొట్టొచ్చు. స్లైడ్లు లేని ఆ పెద్దాయన కొబ్బరి పుట్టుక దగ్గర మొదలుపెట్టారు. కొబ్బరి ఏ దేశం నుంచి తేలుతూ వచ్చిందో చెప్పారు. తర్వాత సముద్రం ఎందుకు ఉప్పగా ఉంటుందో చెప్పారు. తర్వాత తన పెళ్ళిలో కొబ్బరి పచ్చడి ఎందుకు ఉప్పగా ఉందో చెప్పారు. అంత మెత్తటి గొంతుతో, అంత ఆప్యాయంగా చెప్తుంటే ఆపమనడానికి ఎవరికీ నోరు రాలేదు.

నేను పక్క తలుపులోంచి జారుకుని క్యాంటీన్‌కి పరుగెత్తాను. హెడ్డు గారు అప్పటికే గుమ్మంలోకి వచ్చి తమ్ముడికి ఫోన్ చేసి ఊళ్ళోంచి మనుషుల్ని పంపమన్నారు. కానీ వాళ్ళు వచ్చేలోగా చెట్టు మీదున్న మనిషి గతేమిటి? వంటావిడకి సంగతి చెప్పాను. ఆవిడ ఉల్లిపాయల కత్తి పక్కన పెట్టి, చెంగు బొడ్లో దోపింది.

"బయపడకండి. సప్పుడు సేద్దాం. సప్పుడంటే దానికి సిరాకు," అంటూ రెండు పెద్ద పళ్ళేలు నా చేతికిచ్చి, తను గంటె తీసుకుంది. ఇద్దరం మేడ మెట్లెక్కి డాబా మీదికి వెళ్ళాం.

అక్కడ నుంచి తోట కనిపిస్తోంది. ఒక జీడిచెట్టు మీద, కొమ్మల మధ్య, ఎర్రచొక్కా. చెట్టుకి కొంచెం అవతల ఎలుగుబంటి. నల్లగా, గుండ్రంగా, మాకు వీపు చూపించి కూర్చుని, తీరిగ్గా పళ్ళు తింటోంది. పంక్తిలో చివరిదాకా కూర్చుని, పెరుగు కూడా వేయించుకుని లేచే పెద్దమనిషి లాగా ఉంది. నాకు భయమూ వేసింది, నవ్వూ వచ్చింది. రెండూ కలిసి వస్తుండగానే పళ్ళెం మీద పళ్ళెం వేసి కొట్టాను.

వంటావిడ గంటెతో వాయించింది. "ఓల్లోల్లో, ఎల్లు! ఎల్లెల్లు!" అని అరిచింది. ఆ గొంతు సముద్రం మీద పడవకి వినపడేలా అలవాటైన గొంతు. డాబా అదిరింది. ఎలుగుబంటి తల తిప్పి మా వైపు చూసింది. ఇంత చక్కటి తోటలో ఇదేం గోల అన్నట్టు ఒక్క క్షణం ఆగింది. అప్పుడే ఊరి వైపు నుంచి డప్పులు, టపాకాయలు కూడా వినిపించాయి. అది లేచి, ఒళ్ళు దులుపుకుని, ఏమాత్రం తొందర లేకుండా తోట లోపలికి, కొండ వైపు వెళ్ళిపోయింది.

ఈ వాయింపంతా ఆడిటోరియంలోకి కూడా వినిపించింది. ప్రొఫెసర్ గారు దాన్ని టైమైపోయిందని కొట్టే గంట అనుకున్నారట. "ఒక్క నిమిషం, ముగిస్తున్నాను," అని చెప్పి, కొబ్బరిపీచు గురించి కొత్తగా మొదలుపెట్టారట.

లైన్‌మన్ చెట్టు దిగాడు. మోకాళ్ళు గీరుకుపోయాయి గానీ ధీమా మాత్రం మళ్ళీ వచ్చేసింది. డప్పులతో వచ్చిన జనం చుట్టూ మూగితే, ఎలుగుబంటి తీగ పట్టుకుని ఎలా లాగిందో, తను ఎలా అదిలించాడో చేతులు తిప్పి చూపిస్తున్నాడు. ఆ పక్క తోటలో జీడిపిక్కలు ఏరుతున్న ఒక ముసలమ్మ దూరం నుంచి అంతా చూసిందట. ఆవిడ నెమ్మదిగా ముందుకొచ్చింది.

"ఓరి బాబూ, అది తీగ ముట్టలేదురా. నువ్వే నిచ్చెన బుజానేసుకుని పరిగెత్తినావు. నిచ్చెన తీగకి తగులుకున్నాది. ఆ తీగ నీ ఎనకాలే వచ్చీసింది."

అందరూ అతని వైపు చూశారు. అతను నిచ్చెన వైపు చూశాడు. నిచ్చెన మెట్టుకి నల్లటి తీగ ముక్క ఇంకా వేలాడుతోంది.

"ఎలుగు లేకపోతే నానెందుకు పరిగెడతాను?" అన్నాడు చివరికి. "అలగయితే అదే తెంపినట్టు కాదేటి?"

నాకు అప్పుడు తర్కం అక్కర్లేదు, తీగ కావాలి. గుంపంతా కాపలా నిలబడితే అతను కూర్చుని, గొణుక్కుంటూ తీగ అతికించాడు.

నేను ఆడిటోరియంలోకి వచ్చేసరికి ప్రొఫెసర్ గారు ఇంకా మాట్లాడుతూనే ఉన్నారు. సగం మంది నిద్రపోయారు, మిగతా సగం కిటికీల్లోంచి తోట వైపు చూస్తున్నారు. ఆయన "కాబట్టి మిత్రులారా, తీరం అంటే..." అనగానే నెట్టు వచ్చింది. హాల్లో ఉన్న ప్రతి ఫోన్‌కీ ఆగిపోయిన మెసేజ్‌లన్నీ ఒక్కసారి వచ్చి పడ్డాయి. టింగు టింగు మని నలుమూలల నుంచీ మోత. నిద్రపోయిన వాళ్ళు ఉలిక్కిపడి లేచి, ఏం జరిగిందో తెలియక చప్పట్లు కొట్టారు. వాళ్ళని చూసి అందరూ కొట్టారు. ప్రొఫెసర్ గారి కళ్ళు చెమ్మగిల్లాయి. రెండు చేతులూ జోడించి, "ఇంత ఆదరణ నేను ఊహించలేదు," అని కూర్చున్నారు. ఆయనకి అసలు సంగతి ఎవరం చెప్పలేదు.

అదే క్షణంలో తెర మీద ఢిల్లీ ఆవిడ కదిలారు. ఈసారి ఆవిడ పెరుగన్నం తింటున్నారు. మేము ఇక రామని అనుకున్నారేమో, కెమెరా ముందే గిన్నె పెట్టుకుని, ఊరమిరపకాయ కొరుకుతూ కనిపించారు. పెద్ద తెర కదా, మిరపకాయ అరటికాయంత ఉంది. హాలంతా తనని చూస్తోందని తెలిసి ఆవిడ గబుక్కున గిన్నె దించేసి, "మీకు వినిపిస్తోందా?" అన్నారు.

"మీరు కానివ్వండి మేడమ్," అన్నారు హెడ్డు గారు భక్తిగా. "భోజనం మధ్యలో లేవకూడదు."

తర్వాత సన్మానం. వచ్చిన వాళ్ళకి శాలువా కప్పి, రాని ఆవిడకి కప్పకపోతే అవమానమని హెడ్డు గారి పట్టుదల. కొరియర్‌లో పంపొచ్చన్నాను. "వేదిక మీద జరగాలి మేడమ్," అన్నారు. ఆయన శాలువా విప్పి, ఎంతో గౌరవంగా నా ల్యాప్‌టాప్ భుజాల మీద, అంటే తెర రెండు కొసల మీద, కప్పారు. ఫోటోలు తీశారు. శాలువా అంచు కెమెరా మీద పడింది.

"అయ్యో, అక్కడ కరెంటు పోయిందా?" అన్నది ఆవిడ గొంతు చీకట్లోంచి.

మార్చి ఎండ. ఆ ల్యాప్‌టాప్ పాతది. జరీ శాలువా బరువైనది. లోపల ఫ్యాన్ కాసేపు రొప్పి, ఒక నిట్టూర్పు లాంటిది విడిచి, మొత్తం ఆగిపోయింది. నెట్టు ఉంది, ఫుల్లుగా ఉంది, గోడల నిండా ఉంది. ఆవిడ మాత్రం లేరు. ల్యాబ్ ఇన్‌చార్జి నా పక్కకొచ్చి, "చూశారా మేడమ్, ఇప్పుడు మిగిలింది," అన్నాడు తృప్తిగా.

నాకు నవ్వు ఆగలేదు. తలుపు బయటికి వెళ్ళి, గోడకి ఆనుకుని, కడుపు పట్టుకుని నవ్వాను. వారాల తరబడి నెట్టు వస్తుందా రాదా అని తిన్న తిండి ఒంటపట్టలేదు. జరగాల్సిన అనర్థాలన్నీ ఒక్క పూటలో జరిగిపోయేసరికి ఒళ్ళు దూదిపింజ అయింది. వంటావిడ గ్లాసు నిండా మజ్జిగ తెచ్చి చేతిలో పెట్టి, "ఏడుత్తన్నారా, నవ్వుతన్నారా?" అని అడిగింది. తెలియట్లేదన్నాను. "తాగండి, తెలుత్తాది," అంది.

రెండో రోజు విశేషమేమీ లేదు. నెట్టు బాగా వచ్చింది, అందరూ ఫోన్లు చూసుకుంటూ కూర్చున్నారు.

సాయంత్రం అతిథుల్ని బస్సులో పలాస స్టేషన్‌కి తీసుకెళ్ళే పని కూడా నాకే పడింది. దారిలో వాళ్ళు బస్సాపించి జీడిపప్పు ప్యాకెట్లు కొన్నారు. భువనేశ్వర్ ఆయన షాపువాడితో "జీడిపప్పు" అని స్పష్టంగా పలికి నా వైపు గర్వంగా చూశాడు. ప్లాట్‌ఫారం మీద ప్రొఫెసర్ గారు నా తల మీద చెయ్యి వేసి, "మీ ఊళ్ళో శ్రోతలు చాలా గొప్పవాళ్ళమ్మా," అన్నారు. రైలు కదిలాక కూడా కిటికీలోంచి చెయ్యి ఊపుతూనే ఉన్నారు. మనసులో ఎక్కడో కాస్త దిగులు కూడా వేసింది నాకు.

స్టేషన్ బయట మందస వైపు వెళ్ళే ఆటో ఎక్కాను. అప్పుడే జీడి ఫ్యాక్టరీ వదిలారు. పని నుంచి వస్తున్న ఆడవాళ్ళు నా చుట్టూ సర్దుకుని కూర్చున్నారు. నా ముఖం చూసి పక్కావిడ జరిగి చోటిచ్చింది.

"అలిసిపోయినట్టున్నారు. ఏటి పని సేత్తారు?" అని అడిగింది.

నెట్టు అనబోయి ఆగాను. సోమవారం పొద్దున్నే నాకు క్లాసుందని, పాఠం ఇంకా చూసుకోలేదని అప్పుడు గుర్తొచ్చింది.

"పిల్లలకి పాఠాలు చెప్తానండీ," అన్నాను.

"మంచి పని," అందావిడ. ఆటో రైల్వే గేటు దగ్గర ఆగింది. గేటు పడి ఉంది. రైలు వెళ్ళేలోగా సోమవారం పాఠం ఎక్కడిదాకా వచ్చిందో గుర్తు చేసుకోవడం మొదలుపెట్టాను.